మడత విప్పి కత్తిరించిన జాకెట్టు

ఉదయం తొమ్మిదిన్నరకు అశోక్‌నగర్‌లో ఇంటి గేటు వేసి బయటికి రాగానే సంయుక్త చేతిసంచిలోంచి కొలత టేపు తీసి మెడలో వేసుకునేది. దారంతా అలాగే నడిచేది. వీపున పుస్తకాల సంచులు మోసుకుని రీడింగ్ హాళ్లకు పరుగెత్తే పిల్లలూ, ఇడ్లీ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లూ, లైబ్రరీ గేటు తెరవకముందే వరుస కట్టినవాళ్లూ ఎవరూ ఆమె మెడ వైపు చూసేవారు కాదు. ఆమె మాత్రం అందరి భుజాలూ చూసేది. ముందు నడుస్తున్నావిడ కుడి భుజం ఎడమ భుజం కంటే ఒక వేలు కిందికి ఉంది. బస్సు ఆపడానికి చెయ్యెత్తిన అమ్మాయికి జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోంది. ఇలా లెక్క వేసుకుంటూ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాటి, స్టీలు సామాన్ల కొట్టు పక్కన సందు మలుపు దగ్గర ఆగేది. టేపు తీసి, చుట్టగా చుట్టి, మళ్లీ సంచిలో వేసుకునేది.

ఆ సందులో ఉన్న హైమ లేడీస్ టైలర్స్‌లో టేపు ఒక్క మెడలోనే ఉండాలి. అది దాసయ్య మాస్టర్ మెడ.

విచిత్రం ఏమిటంటే ఆ మెడలోని టేపుకు పెద్దగా పని ఉండేది కాదు. ఆ దుకాణంలో కొలతలు తీయరు. కొత్త బట్టతో పాటు, ఒంటికి కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చివ్వాలి. దాన్ని ఆది జాకెట్టు అంటారు. దాసయ్య కొత్త బట్టను రెండుగా మడిచి బల్ల మీద పరుస్తాడు. ఆదిని తిరగేసి దాని మీద పెడతాడు. చుట్టూ సుద్దతో గీత గీసి, గీతకు అర అంగుళం ఎడంగా కత్తెర నడిపిస్తాడు. మడత మీద కోస్తాడు గనక రెండు వైపులూ ఒకేలా వస్తాయి. యజమానురాలు హైమవతిగారి భర్త ఆ కొట్టు తెరిచిన రోజుల్లో ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు చేతులు చాపి నిలబడేవారు కాదు. ఆ మొహమాటానికి విరుగుడు ఆది జాకెట్టు. తర్వాత భర్త పోయాడు, హైమవతిగారు గల్లా దగ్గర కూర్చున్నారు. ఆది మాత్రం అలాగే ఉండిపోయింది. కొందరు తమ ఆదిని మళ్లీ మళ్లీ మోసుకురాలేక అక్కడే వదిలేస్తారు. పేరు రాసిన గుడ్డపీలిక పిన్నుతో గుచ్చుకుని, బీరువా నిండా అవే.

సంయుక్త అశోక్‌నగర్‌లోనే పుట్టింది. అక్కడి నీళ్లు తాగిన పాపానికి డిగ్రీ కాగానే మూడేళ్లు గ్రూప్ పరీక్షలకు చదివింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. మూడోసారి ఫీజు కట్టకుండా నారాయణగూడలో ఒక సంస్థలో డ్రెస్ డిజైనింగ్ డిప్లమాలో చేరింది. ఇరవై తొమ్మిదో ఏట ఈ కొట్టుకొచ్చింది. కటింగ్ నేర్చుకున్నదాన్ని కదా, కటింగే ఇస్తారనుకుంది. ఇచ్చింది సూదీ, దారం, హుక్కుల డబ్బా. ఆ కొట్టులో ఆడవాళ్లు చేతికుట్టు కుడతారు, మిషన్ మీద సురేశ్ కుడతాడు, బల్ల మాస్టరుది.

చేరిన మూడో వారంలో నోరు విప్పింది.

"మాస్టర్, కొలతలు నేను తీస్త. నేను ఆడదాన్నే కదా, ఎవ్వరికి మొహమాటం ఉండది. కాగితం మీద రాసి పెడ్త. ఒక్కొక్కరికి ఒక పేపర్ కటింగ్ చేసుకుంటే ఆదులు దాచే పరేషాన్ తప్పుతది. హుక్స్ వెయ్యకముందే ఒకసారి తొడిగి చూపిస్తే..."

దాసయ్య సుద్దముక్క కింద పెట్టలేదు. "అంటే నువ్వు నంబర్లు చెప్తే నేను కత్తెర ఆడియ్యాల్నా?"

"గట్ల కాదు మాస్టర్."

"మరెట్ల? ముప్పై ఎనిమిదేండ్ల సంది కోస్తున్న. ఒక్క జాకెట్ వాపస్ రాలే."

పక్కన హెమ్మింగ్ చేస్తున్న రత్నమాల దారాన్ని పళ్లతో తెంపింది. "వాపస్ ఎందుకొస్తది మాస్టర్? కుదరకపోతే ఆడబిడ్డకిస్తరు."

సురేశ్ నవ్వాడు. దాసయ్య కూడా నవ్వాడు. సంయుక్తకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి సురేశ్ ఆమెను "సైంటిస్టక్కా" అని పిలవడం మొదలుపెట్టాడు. హుక్కులు అయిపోతే, "సైంటిస్టక్కా, డబ్బా ఇయ్యరాదు," అనేవాడు.

హైమవతిగారికి చెప్పుకుంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా. కానీ ఆయన్ని నొప్పించలేను. మావారు పోయినప్పుడు పదకొండో రోజు పొద్దున్నే వచ్చి షట్టర్ తీసిన మనిషాయన. కొన్నాళ్లు ఆగు, చూద్దాం."

ఆ 'చూద్దాం' ఏడాదిన్నర నడిచింది.

ఏడాదిన్నరలో సంయుక్త ఎన్ని వేల హుక్కులు కుట్టిందో ఆమెకే తెలియదు. కూర్చున్నచోట కుదురుండేది కాదు. హుక్కు కుడుతూ కుడుతూ తల ఎత్తి బల్ల వైపు చూసేది. సుద్ద గీత ఎక్కడ తిరగాలో ఆమె చేతివేళ్లు ఒడిలోనే తిరిగేవి. ఇంటికి వెళ్లాక పాత పేపర్లు నేల మీద పరిచి కత్తిరించేది. మూడేళ్లపాటు కొని పేర్చుకున్న ఉద్యోగ ప్రకటనల పేపర్లూ, వర్తమాన వ్యవహారాల పత్రికలూ అలా ముందు భాగాలుగా, వెనక భాగాలుగా, చేతులుగా తెగిపోయాయి. ఆమె తండ్రి ఇంద్రసేన గుమ్మంలో నిలబడి చూసి, "గా నోటిఫికేషన్లన్ని ఏం చేస్తవో అనుకున్న. ఆఖరికి జాకెట్లయినయ్," అన్నాడు. వెక్కిరింపో మెచ్చుకోలో ఆమెకు అర్థం కాలేదు.

డిప్లమాలో తోడు చదివిన వందన హైదర్‌గూడలో ఒక బొటిక్‌లో పనిచేస్తుంది. జులై మొదటి వారంలో ఫోన్ చేసింది. "మా దగ్గర కటింగ్ అమ్మాయి మానేసింది. నెలాఖరు దాకా ఆ జాగ నీకు ఆపుతమన్నరు. వస్తవా, రావా? అక్కడ కూసోని ఇంకెన్నేండ్లు హుక్స్ కుడతవే?"

"చెప్త," అంది సంయుక్త. చెప్పలేదు. వెళితే మాస్టర్ గెలిచినట్టు, ఉంటే తను ఓడినట్టు అనిపించింది. ఆమెకు ఒక్కటే కావాలి. ఆ బల్ల మీద, అందరూ చూస్తుండగా, తన కొలతతో, తన చేత్తో ఒక్క జాకెట్టు కోయాలి.

కమల మేడం వచ్చింది ఆ వారంలోనే. నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. పద్నాలుగేళ్లుగా ఆ కొట్టుకు వస్తోంది. ఆమె ఆది బీరువాలో పై అరలో ఉంటుంది. చాలాకాలం కనపడకుండా పోయి, జూన్‌లో ఒకసారి నాలుగు బట్టలు ఇచ్చి, కుట్టించుకుని పట్టుకెళ్లింది. ఇప్పుడు వర్షం పడి ఆగిన మధ్యాహ్నం, కొంగు రెండు భుజాల చుట్టూ కప్పుకుని, దాని మీద లెక్చరర్ల తెల్లకోటు వేసుకుని, ఫైలును గుండెకు ఆనించి పట్టుకుని మెట్లెక్కింది.

"దాసయ్యా, నా ఆది ఇచ్చెయ్యి."

దాసయ్య కత్తెర ఆగింది. ఆది వెనక్కి అడగడమంటే ఆ కొట్టుకు ఇక రానని చెప్పడం. అది అక్కడ అందరికీ తెలుసు.

"ఏం తప్పయింది మేడం?"

"ఏం తప్పు లేదు. మంచిగనే కుట్టినవ్."

"ఆది తీరుగనే కోసిన. నూలు పోగు తేడా లేదు."

"అవును దాసయ్యా. నీ తప్పు కాదన్న కదా. ఇచ్చెయ్యి."

దాసయ్య బీరువా తెరిచాడు. పై అరలో ఉండాల్సిన ఆది వెంటనే కనపడక, ఒక్కొక్క జాకెట్టూ తీసి కింద పెడుతూ వెతుకుతున్నాడు. కమల నిలబడలేక బయట మెట్ల మీదికి వెళ్లింది. సంయుక్త ఒడిలోని బట్ట పక్కన పెట్టి వెనకాలే వెళ్లింది.

"మేడం, ఆ నాలుగింట్ల ఒక్కటి గూడ వేసుకోలేదు కదా మీరు?"

"నీకెట్ల తెలుసు?"

"హుక్స్ నేనే కుట్టిన. ఇప్పుడు మీరు వేసుకున్నది పాతది, లూజుది. మెడ దగ్గర కనపడుతుంది."

కమల రోడ్డు వైపు తిరిగింది. ఒక ఆటో నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. అప్పుడు, ఆటో గురించి చెబుతున్నంత మామూలుగా అంది. "మార్చిల ఆపరేషన్ అయింది. ఎడమ దిక్కు తీసేసిండ్రు. గా ఆది ఇప్పుడు నాది కాదమ్మా. దాసయ్యతోని గిదంత ఎట్ల చెప్తం? బోర్డు మీద రాయాల్నంటే చెయ్యెత్తాలె. ఎత్తితే ఎడమ దిక్కు బట్ట సంచి లెక్క మడత పడుతది. అందుకే ఈ కోటు. ఈ ఉక్కపోతల."

"లోపలికి రండి మేడం," అంది సంయుక్త.

"ఎందుకు?"

"కొలత తీస్త."

ఇస్త్రీ పెట్టె ఉండే మూల ఒక తెర ఉంది. దాని వెనక సంయుక్త సంచిలోంచి టేపు తీసింది. కుడివైపు ఒక లెక్క వచ్చింది, ఎడమవైపు ఇంకో లెక్క. భుజం నుంచి కిందికి, చంక నుంచి మధ్యకు, మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అక్కడికి. మచ్చ మీద మాత్రం టేపు ఆనించలేదు, పైన పట్టుకుని చూసింది. కమల మొదట కళ్లు మూసుకుంది. తర్వాత తెరిచి, సంయుక్త రాస్తున్న అంకెలు చూసింది. "రెండు నిలువు వరుసలు గీసుకో. లేకుంటే కలిసిపోతయ్," అంది లెక్కల టీచరు.

బయటికి వచ్చేసరికి దాసయ్యకు ఆది దొరికింది. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కమల దాన్ని తీసుకోలేదు. "శనివారం దాకా ఉండనియ్యి," అని చెప్పి, ఇంకో టైలర్‌కు ఇద్దామని సంచిలో పెట్టుకున్న మెరూన్ రంగు బట్ట ఒకటి తీసి సంయుక్త చేతికిచ్చి వెళ్లిపోయింది.

బట్ట తన చేతికి రాకపోవడం ముప్పై ఎనిమిదేళ్లలో దాసయ్య ఎరగడు.

"ఏందది?"

"కమల మేడంది. నేను కోస్త మాస్టర్. ఎడమ ఒక తీరు, కుడి ఒక తీరు రావాలె. మడత మీద కుదరది."

"మడత మీద కోయనిది జాకెట్ ఎట్లయితది? ఒక కన్ను పెద్దగ ఒక కన్ను చిన్నగ బొమ్మ గీసినట్టా?"

ఆమెకు కారణం చెప్పే వీలు లేదు. సురేశ్ మిషన్ ఆపి వింటున్నాడు. రత్నమాల సూది గాలిలో ఆగింది. అది కమల మేడం తనకొక్కదానికే చెప్పిన మాట.

"ఒక్క గంట బల్ల ఇయ్యుండ్రి మాస్టర్."

"ఈ బల్ల మీద ఇంకొకరి కత్తెర పడలే."

మర్నాడు పొద్దున సంయుక్త ఎనిమిదిన్నరకే వచ్చింది. సందు మలుపు దగ్గర టేపు తీసిందో లేదో ఆమెకే గుర్తులేదు. హైమవతిగారు అప్పుడే షట్టర్ ఎత్తి దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తున్నారు. సంయుక్త చేతిలోని సొంత కత్తెర, చంకలో రాత్రి ఇంట్లో కత్తిరించుకున్న పేపర్ల చుట్ట చూశారు.

"ఆయనకి చెప్పావా?"

"చెప్పిన. ఒద్దన్నరు."

"పాడైపోతే?"

"పాడైతే ఇగ నేను రాను మేడం. మీకు ఆయనకు నడుమ మాట రానియ్యను."

హైమవతిగారు అగరొత్తి గుచ్చి, వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నారు. అది ఒప్పుకోవడమో కాదో తేల్చుకునే ఓపిక సంయుక్తకు లేదు. మెరూన్ బట్టను మడత లేకుండా బల్ల నిండా పరిచింది. కుడి కాగితం పెట్టి గీసింది. ఎడమ కాగితం పెట్టి గీసింది. అరచేతులు చెమట పట్టి సుద్ద ముద్దగా అంటుకుంటోంది. కత్తెర నోరు పెట్టే ముందు మూడుసార్లు టేపు వేసి చూసుకుంది. అప్పుడు కోసింది.

ఎడమ ముక్క బట్ట నుంచి విడిపడుతుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. దాసయ్య. చేతిలో టిఫిన్ డబ్బా. అరుస్తాడనుకుంది. అరవలేదు. బల్ల మీద విప్పి పరిచిన బట్టనూ, పక్కపక్కన ఉన్న రెండు ముందు ముక్కలనూ చూశాడు. ఎడమ ముక్క మీద చూపు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు తిరిగాడు.

ఆమె పది గంటలకల్లా బల్ల ఖాళీ చేసింది. ఆయన లేవలేదు. మధ్యాహ్నం దాకా ఆ కొట్టులో కత్తెర చప్పుడు లేదు.

"మాస్టర్‌కు పాణం బాగలేదేమో," అంది రత్నమాల గుసగుసగా. "నీ పుణ్యమే పిల్లా. పెద్దమనిషిని బల్ల మీదికెళ్లి లేపినవ్."

సంయుక్త హుక్కుల డబ్బా ముందుకు లాక్కుంది. సురేశ్ ఆ ముక్కలు కుట్టనంటే సాయంత్రం ఖాళీ మిషన్ మీద తనే కుట్టుకుంది.

శనివారం కమల వచ్చింది. తెర వెనక జాకెట్టు తొడిగింది. చేతులు కిందికి పెట్టుకుని నిలబడితే ఎక్కడా ముడత లేదు. ఎడమవైపు బట్ట ఒంటిని అంటిపెట్టుకుని, ఊపిరి తీసుకున్నట్టు తేలికగా ఉంది. సంయుక్త గుండెల మీంచి ఏడాదిన్నర బరువు దిగింది.

"కోటు లేకుండ పోవచ్చు గద," అంది కమల, అద్దంలో చూసుకుంటూ. అంటూనే అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తి గాలిలో ఏదో రాయబోయింది.

జాకెట్టు మొత్తం పైకి లేచింది. ఎడమవైపు కుట్టు మచ్చ మీదికి జరిగింది. "అబ్బా," అని కమల చెయ్యి దించేసింది.

సంయుక్త టేపు పట్టుకుంది, ఏం కొలవాలో తెలియలేదు. కాగితం మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

తెర అవతల దాసయ్య గొంతు వినపడింది. వీపు ఇటు పెట్టి నిలబడ్డాడని ఆ మాట వచ్చిన తీరులోనే తెలుస్తోంది.

"బిడ్డా. నిలబడ్డ మనిషికి కోసినవ్ నువ్వు. మేడం బోర్డు మీద రాస్తది."

వెనక్కి చెయ్యి చాపి, తెర సందులోంచి ఆది జాకెట్టు లోపలికి అందించాడు.

"ఈ ఆది చూడు. కుడి చంక కింద రెండుసార్లు కుట్టు పిగిలింది. చేతి అంచుల సుద్ద ఇంక పోలే. ఈమెకు ఎప్పుడు కోసినా చంకలకు అర ఇంచు ఎక్కువ ఇడుస్త నేను. నంబర్ల అది రాదు. చంక కింద నాలుగంచుల ముక్క ఒకటి పెట్టు, ఐమూలగ. రెండు దిక్కుల పెట్టు. ఎడమకు జర పెద్దది. కుట్టు ముందటికి రానియ్యకు, ఎనకకు జరుపు. ఒరుసుకోదు."

కమల సంయుక్త వైపు చూసింది. చెప్పావా అన్నట్టు. సంయుక్త తల అడ్డంగా ఊపింది.

ఆ ముక్క ఆయన చెప్పినట్టే పెట్టింది. గంట తర్వాత కమల చెయ్యెత్తింది. దించింది. మళ్లీ ఎత్తి, ఇస్త్రీ మూల గోడ మీద చూపుడువేలితో ఏదో సమీకరణం పూర్తిగా రాసింది. కోటు మడిచి సంచిలో పెట్టుకుని, జూన్‌లో కుట్టించుకున్న నాలుగు జాకెట్లూ తీసి బల్ల మీద పెట్టింది. ఆది సంగతి ఎత్తలేదు.

ఆమె వెళ్లాక దాసయ్య ఆ నాలుగింటినీ ముందేసుకుని కూర్చున్నాడు. సురేశ్ విప్పుతానంటే ఇవ్వలేదు. బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తనే విప్పాడు. సాయంత్రానికి ముక్కలు చదును చేసి సంయుక్త ఒడిలో పెట్టాడు.

"నాలుగు కుట్టిన," అన్నాడు. "మనిషిని చూసిన, ఆది చూసిన. ఒక్క మాట అడగలే."

అంతటితో మాస్టర్ మారిపోయాడనుకుంటే పొరపాటు. సోమవారం సంయుక్త కత్తెర మళ్లీ ఇంటి సొరుగులోకి వెళ్లింది. టేపు మళ్లీ ఒక్క మెడలోనే ఉంది. కొలతల కాగితాల మాట ఎత్తితే, "ఒక్కదానికి నడిచింది. ఊరంతటికి నడుస్తదా?" అన్నాడు. సంయుక్త హుక్కులు కుడుతూ నెలాఖరు దాకా రోజులు లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిదో తేదీన లేచి గల్లా దగ్గరికి వెళ్లింది.

"మేడం, హైదర్‌గూడల పిలుస్తున్నరు. ఎల్లుండికి చెప్పాలె. నాకు బల్ల కావాలె. వారంల రెండు రోజులు."

హైమవతిగారు అలవాటుగా కళ్లజోడు తీశారు. తుడవలేదు. "దాసయ్యా, విన్నావా? ఈసారి నన్ను 'చూద్దాం' అనమనకు. నువ్వే చెప్పు."

దాసయ్య సుద్దగీత చివరి దాకా గీసి తలెత్తాడు. "కొలతలకు వచ్చేటోళ్లనే కొయ్యాలె. ఆదులు ముట్టద్దు."

"ముట్టుకుంట," అంది సంయుక్త. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఆది చూసి మీరు చదివేది నాకు నేర్పాలె. లేకుంటే బల్ల ఎందుకు నాకు?"

"మూడేండ్లు అశోక్‌నగర్‌ల చదివినవ్, సాలదా పిల్లా?" అంది రత్నమాల.

దాసయ్యకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "బుధవారం, శనివారం," అన్నాడు. "పొద్దుగాల తొమ్మిదింటికి రా. పది దాటితే బల్ల నాది."

ఆ సాయంత్రం వందనకు ఫోన్ చేసి రానని చెప్పింది. "పిచ్చిదానివే," అంది వందన. కావచ్చనుకుంది సంయుక్త. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తుంది, హుక్కు కుడుతూ తలెత్తి బల్ల వైపు చూసినప్పుడు.

సంయుక్తకు ఇప్పుడు ముప్పై రెండు. కాగితం మీద కొలతలున్న పేర్లు నూట పన్నెండు. బీరువాలో ఆదులు అంతకు మూడింతలున్నాయి. ఆది లేకుండా ఎవరైనా వస్తే దాసయ్య తల ఎత్తకుండానే తెర వైపు చూపించి, "లోపలికి పోండ్రి, పిల్ల ఉన్నది," అంటాడు. బుధవారం, శనివారం ఆమె టేపు మెడలోనే వేసుకుని కొట్టు మెట్లెక్కుతుంది. మిగతా నాలుగు రోజులు స్టీలు సామాన్ల కొట్టు దగ్గర ఆగి, తీసి సంచిలో పెట్టుకుంటుంది.